విమానానికి పట్టుచీర కట్టుకోవచ్చా? మా అమ్మ కట్టుకుంది

మీ అమ్మగారు మొదటిసారి విమానం ఎక్కబోతున్నారు. రాయగడ నుంచి విశాఖ వెళ్ళి, అక్కణ్ణుంచి బెంగళూరు. ఆవిడ పట్టుచీర కట్టుకుంటానంటున్నారు. మీ తమ్ముడేమో "ఇప్పుడెవరూ అలా తయారవ్వట్లేదు, నలుగురూ నవ్వుతారు" అని వద్దంటున్నాడు. అసలు విమానానికి ఎలా తయారవ్వాలి, పాత పద్ధతులు ఇంకా ఉన్నాయా అని మీరడిగారు.

కట్టుకోనివ్వండి. ముందు ఈ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ తమ్ముడు అన్న మాటే నేను మా అమ్మతో అన్నాను, ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడుతుంటాను.

మాది ఒడిశాలోని బరంపురం. అమ్మ పుట్టిల్లు పర్లాకిమిడి. 2018 నవంబరులో హైదరాబాదులో మా తమ్ముడి కొడుకు బాలసారె. అప్పటికి అమ్మకి డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. రాత్రంతా రైల్లో కూర్చోలేదని భువనేశ్వర్ నుంచి విమానం టికెట్లు తీశాం. బయల్దేరే ముందు రోజు రాత్రి ట్రంకుపెట్టె తెరిచి, వంగపండు రంగు బరంపురం పట్టుచీర బయటికి తీసింది. మా ఊరి చీరలు చూసి ఉంటారు కదా, రెండు వైపులా గుడి గోపురాల్లా కుంభాలు తీర్చిన అంచు. నాన్న రిటైరైనప్పుడు దేరా వాళ్ళ వీధిలో మగ్గం దగ్గరే నిలబడి కొన్న చీర అది. ఆ నేతగాళ్ళ పెద్దలు రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని చెబుతారు. అమ్మకి ఆ వీధి అంటే పుట్టింటి వీధంత ఇష్టం.

"గంటన్నర ప్రయాణానికి ఇంత చీర ఎందుకమ్మా? నలిగిపోతుంది. ఆ నీలం సింథటిక్ చీర కట్టుకో, హాయిగా ఉంటుంది" అన్నాను.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. చీర మడత మీద చెయ్యి వేసి, "మీ నాన్నగారు విమానం ఎక్కినప్పుడు సఫారీ సూటు కుట్టించుకున్నారు. నేను నా చీర కట్టుకోకూడదేటి? ఎయిరిండియా అమ్మాయిలు కట్టుకునేవి మాత్రం చీరలు కావేటి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అమ్మ చెప్పింది నిజం కూడాను. 1960ల నుంచీ ఎయిరిండియా ఎయిర్‌హోస్టెస్సులకి చీరే యూనిఫారం. అమ్మ వయసు ఆడవాళ్ళకి విమానం అనగానే కళ్ళ ముందు నిలిచే బొమ్మ, చీర కట్టుకుని నమస్కారం పెడుతున్న ఆ అమ్మాయే.

నాన్న సఫారీ సూటు సంగతి చెప్పకపోతే మీ ప్రశ్నకి సగమే జవాబు చెప్పినట్టు. 1986లో ఆఫీసు పని మీద ఆయన్ని ఢిల్లీ పంపించారు, విమానంలో. నెలముందు నుంచే ఇంట్లో హడావుడి. బిస్కెట్ రంగు టెరికాట్ గుడ్డ కొన్నారు. టైలరు రెండుసార్లు కొలతలు తీసుకున్నాడు. బాటా బూట్లు కొన్నారు. బయల్దేరే ముందు స్టూడియోకి వెళ్ళి ఆ సూటులో ఫోటో తీయించుకున్నారు. రైలు స్టేషనుకి మా వీధిలో సగం మంది వచ్చారు. తిరిగొచ్చాక, విమానంలో చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన దూది, చాక్లెట్లు మాకోసం జేబులోంచి తీసిచ్చారు. చాక్లెట్లు ఆ పూటే అయిపోయాయి. దూది మాత్రం మా చెల్లి పెన్సిల్ డబ్బాలో చాలాకాలం ఉంది.

అప్పట్లో దేశం లోపల విమానం అంటే ఇండియన్ ఎయిర్‌లైన్సే. చిన్న ఊళ్ళకి వాయుదూత్ ఉండేది, అదీ ప్రభుత్వానిదే. మామూలు గుమాస్తా తన జీతంతో కొనుక్కునే టికెట్టు కాదది. పక్క సీట్లో పెద్ద ఆఫీసరో, మంత్రో కూర్చునే అవకాశం ఉండేది. అందుకే కలెక్టరాఫీసుకి ఎలా వెళ్తారో, విమానానికీ అలాగే వెళ్ళేవారు. ఆ సూటులో గొప్ప చూపించుకోవడం ఏమీ లేదు. తనని పంపించిన ఆఫీసు పరువు, సాగనంపిన వీధి పరువు తన ఒంటి మీద ఉన్నాయనుకున్నారు మా నాన్న.

తర్వాత ఏం జరిగిందో మనందరం చూశాం. 1994లో పాత చట్టం రద్దయి ప్రైవేటు కంపెనీలకి తలుపులు తెరుచుకున్నాయి. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టి, ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడి బొమ్మనే దానికి గుర్తుగా పెట్టుకున్నారు. ధోవతి, గళ్ళ కోటు వేసుకున్న ఆ ముసలాయన విమానం గుర్తయ్యాడంటే కాలం ఎటు తిరిగిందో చూడండి. 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో, చిన్న ఊళ్ళకి తక్కువ ధరలో విమానాలు నడిపే ఉడాన్ పథకం విమానాన్ని ప్రారంభిస్తూ ప్రధాని మోదీ, హవాయి చెప్పులు వేసుకునేవాళ్ళు కూడా హవాయి జహాజ్‌లో (హిందీలో విమానం) కనిపించాలన్నారు. మన కొరాపుట్ జిల్లా జయపురానికి కూడా 2022 అక్టోబరులో భువనేశ్వర్ నుంచి చిన్న విమానం మొదలైంది. కొరాపుట్ ఘాట్‌రోడ్డు మీద రాత్రంతా బస్సులో ఊగిపోయినవాళ్ళకి తెలుస్తుంది అది ఎంత పెద్ద సంగతో.

అమెరికాలోనూ ఇదే దారి. 1978లో అక్కడ విమాన చార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక టికెట్లు చౌకయ్యాయి, సూట్లూ టోపీలూ మెల్లగా మాయమయ్యాయి. 2025 నవంబరులో వాళ్ళ రవాణా మంత్రి షాన్ డఫీ, పైజామాలు, ఇంటి చెప్పులు మానేసి కాస్త మర్యాదగా తయారై విమానం ఎక్కండని జనాన్ని కోరారు. ఆ వార్త మా బావగారు మా కుటుంబం గ్రూపులో పెట్టి, "నేను ఎప్పట్నుంచో చెప్పట్లేదూ?" అన్నారు. ఆయనంటే నాకు గౌరవం. కానీ ఈ విషయంలో ఆయనతో ఏకీభవించలేను. దానికి కారణం మా వీధి చివర ఇంటి కుర్రాడు.

మా గంజాం జిల్లా నుంచి ఎంతమంది సూరత్ మరమగ్గాల మీద పని చేస్తున్నారో మీకు చెప్పక్కర్లేదు. ఈ కుర్రాడూ అక్కడే. 2022 వేసవిలో వాళ్ళ నాన్న పొద్దున్నే గుండెనొప్పితో పోయారు. రైల్లో వస్తే రోజున్నర పైమాటే. తోటి పనివాళ్ళు తలా ఇంత వేసుకుని టికెట్టు కొనిచ్చారు. ముంబై మీదుగా విమానాల్లో వచ్చి అర్ధరాత్రి దాటాక ఇంటి ముందు దిగాడు. ఒంటి మీద మగ్గం దగ్గర వేసుకునే చొక్కా, కాళ్ళకి రబ్బరు చెప్పులు. వీధి దీపం కింద చూశాను, జుట్టులో, కనుబొమ్మల మీద తెల్లటి నూలుపొట్టు ఇంకా అలాగే ఉంది. మొహం కడుక్కోవడానికి కూడా ఆగలేదు పాపం. రెండు ఎయిర్‌పోర్టులు దాటాడు, ఎవరూ ఆపలేదు, ఏమీ అడగలేదు. తెల్లారి తండ్రికి కొరివి పెట్టాడు.

మా నాన్న కాలంలో అయితే ఆ బట్టలతో ఆ కౌంటరు దగ్గరికి వెళ్ళడానికే ఆ కుర్రాడికి ధైర్యం చాలేది కాదు. అందుకే మర్యాద పోయింది, జనం దిగజారిపోయారు అనే మాట నేను ఒప్పుకోను. తెల్లవారుజామున నాలుగింటికి ఎయిర్‌పోర్టులో ఉండాల్సిన పిల్లలు నిక్కరూ టీషర్టుతో వస్తే నాకేమీ ఇబ్బంది లేదు. వాళ్ళకది బస్సు లాంటిది, నెలకి రెండుసార్లు ఎక్కుతారు. ముందు సీటు వెనక ఒట్టి పాదాలు ఆనించడం, చెమట బనీనుతో పక్కవాడి మీద ఒరగడం మాత్రం నాకు నచ్చవు. సూటు వేసుకున్నవాళ్ళు చేసినా నచ్చవు.

అమ్మ పుట్టిల్లు పర్లాకిమిడి అన్నాను కదా. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరది. మనం మాట్లాడే తెలుగే రాయాలని ఆయన అన్నప్పుడు, భాష భ్రష్టుపట్టిపోతుందని పెద్దపెద్ద పండితులే గగ్గోలు పెట్టారు. ఇవాళ మీరూ నేనూ రాసుకుంటున్నది ఆయన చెప్పిన తెలుగే. గ్రాంథికం పక్కకి తప్పుకుంది, "గారు" మాత్రం నోట్లోంచి పోలేదు. బట్టల విషయం కూడా నాకు అలాగే కనిపిస్తుంది.

ఇక ఆ రోజు సంగతి. అమ్మ పట్టుచీరే కట్టుకుంది. భువనేశ్వర్‌లో సెక్యూరిటీ దగ్గర ఆడవాళ్ళని తెర వెనక తనిఖీ చేస్తారు. భుజం దగ్గర చేతి యంత్రం పెట్టగానే కుయ్యిమంది. నడుం దగ్గర మళ్ళీ. నేను బయట నిలబడి ఖంగారు పడుతున్నాను. లోపల అమ్మ గొంతు వినిపిస్తోంది, "ఇక్కడొక పిన్నీసమ్మా, ఇక్కడొకటి, కుచ్చిళ్ళ దగ్గరొకటి" అని తెలుగులోనే వరసగా చెబుతోంది. మొత్తం తొమ్మిది పిన్నీసులు. ఆ పోలీసమ్మాయి విసుక్కోలేదు. తనిఖీ అయ్యాక పైట తనే సర్ది పిన్నీసు పెట్టి, చీర చాలా బాగుంది, ఎక్కడిదని హిందీలో అడిగిందట. "మా బరంపురందే" అని అమ్మ జవాబు. తెర తీసుకుని బయటికొచ్చేటప్పుడు అమ్మ నడకే మారిపోయింది.

విమానం ఎక్కే వరసలో ఒక కుర్రాడు ఒడియాలో "పెళ్ళికా మాఉసీ (పిన్నీ)?" అన్నాడు. వాడి స్నేహితులు నవ్వారు. నాకు కోపమొచ్చింది. అమ్మ మాత్రం వాడి మొహంలోకి చూసి, "లేదు నాయనా, మనవణ్ణి మొదటిసారి చూడబోతున్నాను" అని ఒడియాలోనే చెప్పింది. వాడు నవ్వు ఆపేశాడు. తర్వాత అమ్మ సంచీ వాడే పైన అరలో పెట్టాడు. మీ తమ్ముడు భయపడుతున్న నవ్వు ఇంతే ఉంటుంది.

ఇప్పుడు పనికొచ్చే మాటలు. పట్టుచీర విమానంలో ఒక విధంగా మంచిదే. నైలాను, పాలియెస్టరు నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. పట్టు అలా కరగదు, నిప్పు కూడా మెల్లగా అంటుకుంటుంది. నేను అమ్మని కట్టుకోమన్న నీలం చీర కంటే అమ్మ ఎంచుకున్నదే మేలని ఆ తర్వాత తెలుసుకున్నాను. పిన్నీసులు రెండు మూడుకి తగ్గించమనండి, భుజం దగ్గర రెండు కుట్లు వేస్తే సరిపోతుంది. లంగా బొందు మామూలు కంటే కాస్త వదులుగా కట్టుకోమనండి. ఇది ముఖ్యం. విమానం లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, దానివల్ల కడుపులో గ్యాసు ఉబ్బుతుంది. బిగించి కట్టుకుంటే ఆయాసపడతారు. చీర అంగుళం ఎత్తుగా కడితే మెట్ల మీద కాలికి తట్టుకోదు. బెల్టు పైట మీంచి కాకుండా పైట పక్కకి తీసి, పొట్ట కింద, తొడల మొదట్లో పెట్టుకోవాలి.

చెప్పులు వెనక పట్టీ ఉన్నవి, ఎత్తు మడమ లేనివి. కూర్చుని కూర్చుని పాదాలు వాస్తాయి కాబట్టి మరీ బిగుతువి వద్దు. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, చలి కూడా. ఒక నూలు శాలువా చేతిలో ఉంచండి. ఆధార్ కార్డు, టికెట్టు పెట్టుకోవడానికి మెడలో వేసుకునే చిన్న సంచీ ఇవ్వండి, బొడ్లో దోపుకుంటే ప్రతి చోటా తీయలేక అవస్థపడతారు. బాత్రూము చాలా ఇరుకు, చీరతో కష్టం. ఎక్కే ముందే ఎయిర్‌పోర్టులో వెళ్ళి రమ్మనండి. నగలు మాత్రం ఒంటి మీద తక్కువే ఉంచండి, అది తనిఖీకోసం కాదు, అంత బంగారంతో ఆవిడ ప్రయాణమంతా మెడ తడుముకుంటూ కూర్చుంటారని.

కిటికీ పక్క సీటు తీసుకోండి. మా అమ్మకి ఎడమ కిటికీలోంచి చిలికా సరస్సు కనిపించింది. చిన్నప్పట్నుంచీ రైల్లోంచి చూసిన నీళ్ళే. "ఇంత పెద్దదేటే!" అని నా చెయ్యి పట్టుకుంది. దిగేదాకా వదల్లేదు.

అమ్మ 2021లో పోయింది. ఆ చీర ఇప్పుడు నా దగ్గరుంది. మడతల మధ్య ఆ రోజు బోర్డింగ్ పాసు తనే దాచుకుంది. అక్షరాలు చాలావరకు వెలిసిపోయాయి, సీటు నంబరు మాత్రం ఇంకా చదవొచ్చు.