బిల్లులు ఎక్కించే పని పోతుందా అని అడిగిన ఆమదాలవలస అమ్మాయికి

ప్రశ్న: మాది ఆమదాలవలస. బి.కామ్ కంప్యూటర్స్ అయ్యాక శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక జీఎస్టీ కన్సల్టెంట్ ఆఫీసులో చేరాను, రెండేళ్లు కావస్తోంది. పార్టీల, అంటే మా క్లయింట్ల, పర్చేజ్ బిల్లులు టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడమే నా పని. మొన్న మా సారు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు, బిల్లు ఫొటో పెడితే ఎంట్రీ అదే చేసేస్తోంది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. హైదరాబాద్ వెళ్లి అరవై వేలు కట్టి ఏఐ కోర్సు చేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. నాన్న మాత్రం "ఏటైనా గవర్నమెంటు ఉద్యోగమే, బ్యాంకు పరీక్షలు రాసుకో" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందే దాచకుండా చెప్పేస్తాను. బిల్లు చూసి టాలీలో కొట్టే పని పోతుంది. ఎప్పుడంటే నేను చెప్పలేను గానీ, ఫొటో పెడితే ఎంట్రీ పడిపోతున్నప్పుడు దానికోసం మనిషికి జీతం ఎవరిస్తారు చెప్పు? ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదికలో 2030 నాటికి 17 కోట్ల కొత్త ఉద్యోగాలు వస్తాయని, 9.2 కోట్లు పోతాయని అంచనా వేశారు. పోయేవాటిలో డేటా ఎంట్రీ క్లర్కులు, అకౌంట్స్ క్లర్కులు ముందు వరసలోనే ఉన్నారు. వచ్చేవే ఎక్కువ కదా అని టీవీల్లో ధైర్యం చెబుతారు, నిజమే, కానీ పోయేది ఆమదాలవలసలో, వచ్చేది ఇంకెక్కడో అయితే ఆ లెక్క మన ఇంటికి పనికిరాదు.

అయితే ఉద్యోగం పోవడం అంటే రేపు పొద్దున్న సారు పిలిచి రావద్దనడం కాదు. మన ఊళ్లలో అలా జరగదు, మొహమాటం ఉంటుంది. జరిగేదేమిటంటే, నీ పక్క సీట్లో అమ్మాయి పెళ్లయి వెళ్లిపోతే ఆ సీటు నింపరు, దసరాకి పెంచాల్సిన జీతం సంక్రాంతికి అంటారు, ముగ్గురు చేసే పని నీ ఒక్కదానికే వస్తుంది. బ్యాంకుల్లో కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఇదే జరిగింది. 1984లో రంగరాజన్ కమిటీ బ్యాంకు పనుల్ని యంత్రాలకెక్కించమని చెప్పినప్పుడు యూనియన్లు గొడవ చేశాయి, ఉన్నవాళ్ల ఉద్యోగాలు నిలబడ్డాయి కూడా. కానీ లెడ్జర్లు రాసే పని మాయమైంది, తర్వాత తర్వాత మొత్తం సిబ్బందిలో క్లర్కుల వాటా తగ్గుతూ వచ్చింది. కుర్చీలో ఉన్నవాళ్లకి పెద్దగా దెబ్బ తగల్లేదు, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లకి తగిలింది. నువ్వు ఇప్పటికే లోపల ఉన్నావు. ఆ సంగతి నువ్వు మర్చిపోయి భయపడుతున్నావు.

మరి లోపల ఉండి ఏం చేయాలి? మీ ఆఫీసుకి పలాస, కాశీబుగ్గ వైపు నుంచి జీడి పార్టీలు ఒకరిద్దరైనా ఉండే ఉంటారు. వాళ్ల ఫైలే తీసుకుందాం. ఫ్యాక్టరీ ఆయన ఉద్దానం రైతు దగ్గర జీడి పిక్కలు కొంటాడు. రైతు బిల్లు ఇవ్వడు, మహా అయితే ఒక చీటీ మీద బస్తాల లెక్క ఉంటుంది. రైతు దగ్గర పిక్కలు కొంటే రివర్స్ చార్జి, అంటే అమ్మిన రైతు కాదు, కొన్న ఆయనే పన్ను కట్టాలి, తన పేరు మీద తనే బిల్లు రాసుకోవాలి, ఆ పన్ను పాత క్రెడిట్‌లోంచి సర్దకుండా డబ్బుగానే కట్టాలి, ఆ తర్వాతే దానికి క్రెడిట్ తీసుకోవాలి, అంటే అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులో అంత తగ్గించుకోవాలి. ఇప్పుడు మీ సారు తెచ్చిన సాఫ్ట్‌వేర్ సంగతి ఆలోచించు. దానికి బిల్లు ఫొటో పెడితే చదువుతుంది, బాగానే చదువుతుంది. అసలు బిల్లే లేని కొనుగోలుని ఎక్కడ చూస్తుంది? నువ్వు చూడగలవు. ఎలాగంటే, 80 కిలోల పిక్కల బస్తా కొట్టిస్తే పప్పు పాతిక కిలోలు రావడం కష్టం, పలాసలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ఆ నెల అమ్మిన పప్పు బిల్లులు ఒక పక్క, పుస్తకాల్లో ఎక్కిన పిక్కల కొనుగోళ్లు ఇంకో పక్క పెట్టి చూస్తే, పాత స్టాకు తీసేశాక కూడా పప్పు ఎక్కువగా తేలితే ఎక్కడో చీటీలు ఎక్కలేదన్నమాట. నోటీసు వచ్చాక ఆఫీసరు పట్టుకునేది కూడా దీన్నే. నువ్వు రెండు నెలలు ముందే పట్టుకుని "ఏమండీ, ఈ నెల రైతు చీటీలు కొన్ని రాలేదు" అని ఆ పార్టీకి ఫోన్ చేశావనుకో, ఆయన మీ సారుకి ఫీజు ఇచ్చేటప్పుడు నీ పేరు తలుస్తాడు. మన బజారులో ఉద్యోగ భద్రత అంటే చాలావరకు ఇదే, అపాయింట్‌మెంట్ ఆర్డరు కాదు.

ఇలాంటివి ప్రతి ఫైల్లోనూ ఉంటాయి. ఓనరు ఇంటికోసం కారు కొని బిల్లు షాపు పేరు మీద తెస్తాడు, మెషీన్ దాని జీఎస్టీని క్రెడిట్‌లో వేసేస్తుంది, మామూలు షాపుకి అది రాదు. సిమెంట్ షాపు ఆయన పాత ఇన్వాయిస్ మీద క్రెడిట్ నోట్, అంటే బిల్లు మొత్తం తగ్గించినట్టు ఇచ్చే కాగితం, తెస్తాడు, 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద 28 శాతం కాస్తా 18 అయింది కాబట్టి అసలు బిల్లు ఏ తేదీదో చూడాలి. చాట్‌జీపీటీని అడిగితే ఒక్కోసారి పాత రేటే ఎంతో నమ్మకంగా చెబుతుంది. అది తడబడదు, అదే దానితో చిక్కు. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు అది ఇచ్చిన తీర్పుల్ని చూసుకోకుండా కోర్టులో పెట్టారు, తీరా అవి అసలు లేనే లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేసింది లాయర్లకే గానీ చాట్‌జీపీటీకి కాదు. మీ సారు పరిస్థితీ అంతే. రిటర్న్ తప్పయితే పార్టీ వచ్చి నిలదీసేది సారునే, సాఫ్ట్‌వేర్ కంపెనీని కాదు. అందుకే అది చేసిన ఎంట్రీలు చూసి ఇది సరి, ఇది కాదు అని చెప్పే మనిషి ఆయనకి కావాలి. ఆ మనిషివి నువ్వే కావాలి, ఇంకొకరు కాకముందే.

దీనికి అరవై వేల కోర్సు అక్కర్లేదు. అమీర్‌పేటలో కొన్నేళ్లకోసారి బోర్డులు మారుతుంటాయి, ఇప్పుడు ఏఐ బోర్డు వేలాడుతోంది. అన్నీ మోసమని కాదు, కోడింగ్ వైపు వెళ్లాలనుకునే పిల్లలకి కొన్ని పనికొస్తాయేమో, కానీ ఏఐని ఎలా అడగాలో నేర్పే మూడు నెలల ప్రాంప్ట్ కోర్సు చేసి వచ్చిన బి.కామ్ అమ్మాయికి హైదరాబాద్‌లో ఎవరు ఏం ఉద్యోగం ఇస్తారో నాకైతే అర్థం కాదు. ఆ డబ్బులో పదో వంతు కూడా ఖర్చు లేకుండా ఎక్సెల్‌లో పట్టికల్ని కలిపే పవర్ క్వెరీ నేర్చుకో. నెల నెలా 14న జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే టూబీని, అంటే అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల పట్టికని, పుస్తకాలతో కలపడానికి ఇప్పుడు ఎంతసేపు పడుతోందో, అప్పుడు ఎంతసేపు పడుతుందో నీకే తెలుస్తుంది. చాట్‌జీపీటీని కూడా వాడు, నోటీసుకి జవాబు ఇంగ్లీషులో రాయాలంటే మనవాళ్లకి చేయి ఆడదు కదా, డ్రాఫ్టు అది రాస్తుంది, సెక్షన్లు నువ్వు పోర్టల్‌లో సరిచూడు. ఒక్క జాగ్రత్త మాత్రం, పార్టీల పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఫ్రీ యాప్‌లలో పెట్టకు. మన ఊళ్లో ఒక పార్టీకి ఆ సంగతి తెలిస్తే పది ఫైళ్లు పోతాయి.

ఇక నాన్నగారి మాట. ఆయన్ని తప్పు పట్టను, బ్యాంకు పరీక్షలు రాయి. కానీ క్లర్కు పరీక్షకి వయసు మామూలుగా 28 వరకే, అందుకని ఉద్యోగం మానేసి కోచింగ్‌లో కూర్చోకు, పొద్దున్నే రెండు గంటలు చదువుకో, రెండు సీజన్లు చూడు. వస్తే సంతోషం. బ్యాంకులో కూడా ఇప్పుడు కౌంటర్ పని కంటే లోన్లు, కస్టమర్లే ఎక్కువ, ఆఫీసులో పార్టీలతో మాట్లాడిన అలవాటు అక్కడా పనికొస్తుంది.

నీకు డిగ్రీలో 55 శాతం వచ్చి ఉంటే ఫౌండేషన్ లేకుండా నేరుగా సీఏ ఇంటర్‌లో చేరొచ్చు. కష్టమైన దారి, ఏళ్లు పడుతుంది, ఇంట్లో జీతం అవసరం ఎంతుందో చూసుకుని ఆలోచించు. మీ సారు సీఏ కాకపోతే అక్కడ చేసిన పని ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర చేయాల్సిన శిక్షణ, కింద లెక్కకు రాదు, అది ముందే తెలుసుకో. అంత దూరం వద్దనుకుంటే బి.కామ్ వాళ్లు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు చేసుకోవచ్చు. నాకు నీ విషయంలో ఇదే నచ్చింది, ఎందుకంటే నువ్వు రోజూ చేసే పనే అక్కడా చేసేది. వైజాగ్‌లో గూగుల్ డేటా సెంటర్, భోగాపురంలో ఎయిర్‌పోర్టు అని అందరూ ఆశ పెట్టుకున్నారు. డేటా సెంటర్ లోపల పనిచేసేది కొద్దిమందే. అయితే వీటి చుట్టూ సబ్‌కాంట్రాక్టర్లు, లారీల వాళ్లు, హోటళ్లు పెరుగుతాయి, వాళ్లందరికీ రిటర్నులు వేసేవాళ్లు కావాలి.

సారుతో మాట్లాడు. ఉద్యోగం ఉంటుందా అని అడగొద్దు, ఆయనకీ తెలీదు. "సాఫ్ట్‌వేర్ చేసిన ఎంట్రీలు నేను చెక్ చేస్తాను, జీడి పార్టీల ఫైళ్లు పూర్తిగా నాకిచ్చేయండి" అని అడుగు. జీతం సంగతి మూడు నెలలు పోయాక ఎత్తొచ్చు. ఏదైనా 20వ తేదీ దాటాకే అడుగు, త్రీబీలు, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్నులు, వేసే హడావిడిలో ఆయన ఎవరి మాటా వినిపించుకోరని నీకు నేను చెప్పక్కర్లేదు.