మోల్ లెక్కలకు సెలైన్ సీసాయే పాఠం

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఎయిమ్స్ బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్ ప్రవేశ పరీక్ష రాయాలనుకుంటోంది. బయాలజీ బాగానే వస్తుంది గాని, కెమిస్ట్రీలో మోల్ లెక్కలు, ప్రమాణాల మార్పిడి దగ్గర తరచూ తప్పుతోంది. ఎలా సిద్ధం కావాలి?

జవాబు: ఈ పరీక్షలోని 100 ప్రశ్నల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలకు 30 చొప్పున, జనరల్ నాలెడ్జ్‌కు 10 ఉంటాయి కాబట్టి బయాలజీ బలం ఒక్కటే సరిపోదు. ముందుగా మీ అమ్మాయి రఫ్ పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. అంకెల పక్కన గ్రాములో, మిల్లీలీటర్లో రాయకుండా వట్టి అంకెలతోనే లెక్క నడిపి, చివర్లో గుర్తున్న ప్రమాణాన్ని తగిలించి ఉంటే, లోపం కెమిస్ట్రీలో కాదు, రాసే అలవాటులో ఉన్నట్టే. నా దగ్గరకు వచ్చే విద్యార్థుల్లో ఎక్కువ మందిది ఇదే పరిస్థితి.

ఒక పదార్థం అణుభారం ఎంతో అన్ని గ్రాములను ఒక మోల్ అంటాం. ఈ భావనకు ఆసుపత్రిలో వేలాడే సెలైన్ సీసాను మించిన ఉదాహరణ లేదు. 0.9 శాతం సోడియం క్లోరైడ్ అంటే 100 మిల్లీలీటర్లలో 0.9 గ్రాములు, అంటే లీటరుకు 9 గ్రాములు. పరమాణు భారాలు సోడియం 23, క్లోరిన్ 35.5 కలిపితే అణుభారం 58.5, తొమ్మిదిని దీనితో భాగిస్తే లీటరుకు సుమారు 0.154 మోల్, అంటే 154 మిల్లీమోల్ వస్తుంది. సోడియం అయానుకు ఒకే ఆవేశం ఉన్నందున మిల్లీఈక్వివలెంట్లలో (మిల్లీమోల్‌ను అయాను ఆవేశంతో గుణిస్తే వచ్చే ప్రమాణం) కూడా అదే సంఖ్య వస్తుంది. రెండు ఆవేశాలున్న కాల్షియం అయితే రెట్టింపు అయ్యేది. ఇదే పద్ధతిలో 5 శాతం గ్లూకోజ్ ద్రావణాన్ని, అణుభారం 180గా తీసుకుని, తననే చేయమనండి. లీటరుకు 278 మిల్లీమోల్ దగ్గరకు రాకపోతే ఏ మెట్టులో ప్రమాణం జారిపోయిందో తనకే కనబడుతుంది.

మిల్లీగ్రాము, మైక్రోగ్రాముల మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంటుంది. గుండె జబ్బుకు ఇచ్చే డిగాక్సిన్ 0.25 మిల్లీగ్రాముల మాత్ర అంటే 250 మైక్రోగ్రాములు. అక్కడ దశాంశ బిందువు జరిగితే పరీక్షలో పోయేది మార్కే, వార్డులో సంగతి వేరు. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్‌లో ఒక్క అంకె మారితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు మారుతుందన్న విషయాన్ని కూడా ఇక్కడే చదివించండి. సెల్సియస్, ఫారన్‌హీట్ మార్పిడికి ఒక సాయంత్రం చాలు.

రోజుకు పది లెక్కలు కాల్‌క్యులేటర్ లేకుండా, ప్రతి మెట్టులో ప్రమాణం రాస్తూ, కొట్టివేతలు కూడా కనబడేలా చేయించండి. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత ఉంటుంది గనుక, నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి ఎంచుకుంటే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. అయితే ప్రమాణాలు సరిపోని రెండింటిని తీసేయగలిగితే, మిగిలిన రెండింటిలో ఒకటి గుర్తించడమే మేలు.