కరెంటు కారు: ఇంటి చార్జింగ్, రాత్రి లైట్లు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కొత్తగా ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం. కారుతో వచ్చిన చార్జర్‌ను ఇంట్లో ఏసీ ప్లగ్గుకు పెడితే ఎర్రలైటు వెలిగి ఆగిపోతున్నది. షోరూమ్‌లో మంచిగనే ఎక్కుతున్నది. ప్లగ్గులోనే న్యూట్రల్‌కు ఎర్త్ కలిపేస్తే సరిపోతుందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. కలపమంటారా?
– ఓ పాఠకుడు, తిప్పర్తి

జవాబు: వద్దు. ఎవరు చెప్పినా కలపనివ్వకండి. అట్లా కలిపితే చార్జర్ పనిచేస్తుంది, నిజమే. కానీ గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తెగిందనుకోండి. ఫేజు కరెంటు ఇంట్లో నడుస్తున్న ఫ్యాను, ఫ్రిజ్ గుండా న్యూట్రల్ తీగలోకి, అక్కణ్నుంచి ఎర్త్ పిన్నులోకి, చివరికి కారు బాడీలోకి చేరుతుంది. డోరు పట్టుకున్నవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఇట్లా కలిపిన చోట ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) మాటిమాటికీ పడిపోతుందని, చాలామంది దాన్ని కూడా తీసేస్తారు. అంటే ఉన్న ఒక్క రక్షణా పోతుంది.

మీ కారులో లోపం లేదు. షోరూమ్‌లో ఎక్కుతున్నదంటే తేడా ఇంటి వైరింగ్‌లోనే, చాలావరకు ఎర్త్‌లోనే ఉంటుంది. ఎర్త్ సరిగా లేకపోతే చార్జర్ తనే ఆగిపోతుంది. మల్టీమీటర్‌తో ప్లగ్గు దగ్గర మూడు కొలతలు తీయించండి. ఫేజు–న్యూట్రల్ మధ్య 230 వోల్టులకు దగ్గరగా ఉండాలి. ఫేజు–ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్–ఎర్త్ మధ్య 2, 3 వోల్టులు మించకపోతే మంచిది. అక్కడ 20, 30 చూపిస్తే ఎర్త్ తెగి ఉండొచ్చు, ఎర్త్ గుంత ఎండి ఉండొచ్చు, లేదా న్యూట్రల్ జాయింటు లూజై ఉండొచ్చు. న్యూట్రల్ తప్పు మీటరు అవతల, స్తంభం వైపు ఉంటే అది లైన్‌మన్ చూడాల్సిన పని.

నల్లగొండ జిల్లాలో చాలా ఊళ్లలో నాలుగడుగులు తవ్వగానే మొరం, ఆ కింద రాయి. అందుకే గుంత పైపైనే వేసి మూసేస్తారు. రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు నిలువునా దిగాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరుసలుగా పడాలి. ఉప్పు కొన్నేళ్లకు పైపును తినేస్తుంది కాబట్టి బెంటొనైట్ (తడిని పట్టి ఉంచే బంకమట్టి) పొడి వాడితే ఇంకా మేలు. రాయి అడ్డమొస్తే ఒక్క గుంతతో సరిపెట్టుకోకుండా, మూడు మీటర్ల ఎడంలో రెండోది వేసి రెండింటినీ కలపండి. స్నానాల గది నీళ్లు పోయే వైపు తడి నిలుస్తుంది, అక్కడ వేయించండి. ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయండి. పని అయ్యాక ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 5 ఓంల లోపు రావాలి.

ఆ ఏసీ ప్లగ్గు కూడా మార్చండి. ఏసీ కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగుతుంది. కారు మాత్రం 14, 15 ఆంపియర్లు ఆరేడు గంటలు విడవకుండా లాగుతుంది. మీటర్ బోర్డు నుంచి విడిగా 4 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడ్ మించితే పడిపోయే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ‘టైప్ ఏ’ ఆర్‌సీసీబీ పెట్టించండి. గంట నడిచాక ప్లగ్గు చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి ఆనకపోతే లోపల స్క్రూ వదులైంది.

ప్రశ్న: మీటరుకు 30 మీటర్ల దూరంలో కారు పెడతాం. 7.2 కిలోవాట్ల గోడ చార్జర్ పెట్టించాలా?
– ఓ పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: ముందు కారు లోపలి చార్జర్ ఎంతదో చూడండి. కొన్ని మోడళ్లలో అది 3.3 కిలోవాట్లే. అప్పుడు గోడకు ఎంత పెద్దది బిగించినా కారు అంతకు మించి తీసుకోదు. మామూలు ప్లగ్గుతో రాత్రి 9 గంటల్లో మీటరు మీద సుమారు 30 యూనిట్లు తిరుగుతాయి, నష్టాలు పోను బ్యాటరీలో 26, 27 పడతాయి. చిన్న కారుకు అది 180 కిలోమీటర్లకు పైనే. రోజూ జడ్చర్ల దాకా వెళ్లి వచ్చేవారికి పెద్ద చార్జర్ ఖర్చు దండగ.

రోజూ దూరం తిరిగేవారైతే పెట్టించుకోవచ్చు. 32 ఆంపియర్లకు 6 ఎస్‌క్యూ ఎంఎం వైరు వేస్తే 30 మీటర్లలో దాదాపు 6 వోల్టులు పడిపోతాయి, 10 వేస్తే మూడున్నర. సాయంత్రం లో వోల్టేజీ ఉండే వీధి అయితే 10 వేయించండి. ఎంసీబీ 40 ఆంపియర్లది కావాలి. శాంక్షన్డ్ లోడ్ (కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) పెంచమని కరెంటు సెక్షన్ ఆఫీసులో ముందే దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: బావి దగ్గర మోటారు కరెంటుతో చార్జ్ చేసుకోవచ్చా? గృహజ్యోతి ఉచిత కరెంటు పోతుందా?
– ఓ రైతు, దేవరకొండ

జవాబు: మోటారు కనెక్షన్ వద్దు. మరో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటు కట్టాలి. గృహజ్యోతి జీరో బిల్లు నెలకు 200 యూనిట్ల లోపే. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మీటరు మీద కారుకే 160 యూనిట్ల దాకా పోతాయి. ఇల్లంతా కలిపి 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది. ఆ లెక్క వేసుకుని కారు కొనండి.

ప్రశ్న: మా కారుకు మ్యాట్రిక్స్ ఎల్ఈడీ లైట్లు. విజయవాడ హైవే మీద లైట్లు ఆటో మోడ్‌లో పెట్టినా ఎదుటి లారీలవాళ్లు లైట్లు కొడుతున్నారు. ఎందుకు? లైట్లతో రేంజ్ (ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం) తగ్గుతుందా?
– ఓ పాఠకుడు, నకిరేకల్

జవాబు: మ్యాట్రిక్స్ లైటులో చాలా ఎల్ఈడీ ముక్కలుంటాయి. కారు ముందు అద్దం వెనక ఉండే కెమెరా ఎదుటి బండి లైట్లను చూసి, అటువైపు ముక్కల్ని మాత్రమే ఆర్పుతుంది. డివైడర్ మీద చెట్లు ఏపుగా పెరిగిన చోట లారీ లైట్లు ఆకుల చాటున ఉంటాయి, కెమెరాకు కనబడవు. డ్రైవర్ కళ్లు మాత్రం చెట్ల పైన ఉంటాయి, మీ వెలుగంతా ఆయన ముఖాన పడుతుంది. అలాంటి చోట ఆటో మోడ్ తీసి లోబీమ్ (కిందికి దించిన వెలుగు) పెట్టండి. కెమెరా ముందు అద్దం మీద దుమ్ము, రాయి దెబ్బ ఉన్నా ఇదే ఇబ్బంది. నడిచిపోయేవాళ్లను, లైటు లేని సైకిళ్లను చాలా కెమెరాలు పట్టుకోవు, ఊళ్లలో కూడా మీరే తగ్గించాలి.

అయినా కొడుతుంటే లైటు ఎత్తు చూడండి. టైర్లలో గాలి సరిచేసి, డ్రైవర్ సీట్లో ఒకరు కూర్చుని, చదును నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో ఆపండి. లోబీమ్ వెలుగు పైగీత లైటు మధ్యభాగం ఎత్తు కంటే 10 సెంటీమీటర్లు కిందుండాలి. ఎడమవైపు గీత కొంచెం పైకి లేస్తుంది, అది ఉండాల్సిందే. డిక్కీలో బియ్యం బస్తాలు వేస్తే ముందుభాగం లేస్తుంది, లెవెలింగ్ చక్రాన్ని 2కో 3కో తిప్పాలి.

సరిగా ఉన్న లోబీమ్ కూడా 75 మీటర్లకు మించి ఆనదు. 80 వేగంలో అడ్డం కనబడ్డప్పటి నుంచి బ్రేకు వేసి బండి ఆగేసరికి 70 మీటర్లు కావాలి. వడ్ల ట్రాక్టర్లు వెనక లైట్లు లేకుండా తిరిగే కోతల కాలంలో లోబీమ్‌లో 80 దాటొద్దు.

రేంజ్ గురించి భయం అక్కర్లేదు. రెండు ఎల్ఈడీ లోబీమ్‌లు కలిపి 50 వాట్లనుకున్నా నాలుగు గంటలకు 0.2 యూనిట్. అంటే కిలోమీటరున్నర.

ప్రశ్న: వానాకాలం హెడ్‌లైటు లోపల ఆవిరి పడుతోంది. మార్చాలా?
– ఓ పాఠకురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: ఎల్ఈడీ వేడి వెనక్కి పోతుంది, లైటు ముందు అద్దం చల్లగా ఉంటుంది, అందుకే పలచని మంచు పడుతుంది. లైట్లు వేసి నడిపితే అరగంటలో పోతే వదిలేయండి. బొట్లు కారుతున్నా, అడుగున నీళ్లు నిలిచినా సీలు పోయినట్టే, వారంటీలో మార్పించండి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ను లైటు అంచు మీదికి పెట్టనివ్వకండి.