చెట్టెక్కే పనికి మా అబ్బాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు మా వీధిలో పెద్ద నిద్రగన్నేరు ఒక ఇంటిమీదకు ఒరిగింది. కొందరు కుర్రాళ్లు తాళ్లతో ఎక్కి, గోడ కూడా గీసుకోకుండా ముక్కలు ముక్కలుగా దాన్ని దించారు. అది చూసినప్పటి నుంచి మావాడు ట్రీ సర్జన్ (చెట్ల కోత, సంరక్షణ చేసే నిపుణుడు) అవుతానని పట్టుబట్టాడు. ‘చెట్లు కొట్టడానికా నిన్ను ఇంత చదివించింది?’ అని వాళ్ల నాన్నగారు వాడితో మాట్లాడటమే తగ్గించేశారు. అసలు ఈ పనిలో రోజు ఎలా గడుస్తుంది? రేపు పెళ్లి, పిల్లలు అంటే సంసారం నిలబడుతుందా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ఏ కాలేజీలో చేర్చాలి, ఎంత జీతం వస్తుంది అని అడిగే ఉత్తరాలే నాకు ఎక్కువగా వస్తాయి. రోజు ఎలా గడుస్తుందని అడిగేవారు తక్కువ. ఈ వృత్తి విషయంలో ముందు అడగవలసింది ఆ ప్రశ్నే కాబట్టి చదువు సంగతి తరువాత చెబుతాను.

అంతకంటే ముందు వాళ్ల నాన్నగారి మాటకు జవాబు చెప్పాలి. మన ఊళ్లలో చెట్లు కొట్టేవారికి కొరత లేదు. చెట్టు బతికేలా కోయడం తెలిసినవారికే కొరత. కరెంటు తీగలకు అడ్డం వస్తున్నాయని ఏటా వానాకాలానికి ముందు రోడ్ల పక్క చెట్ల తలలు నరికేస్తారు. మోడు మీద కొద్ది నెలల్లోనే గుబురుగా రెమ్మలు వస్తాయి కాబట్టి చెట్టు కోలుకుందనుకుంటాం. ఆ రెమ్మలు పైపొరల నుంచే పుడతాయి, మానులోపలి దాకా వాటికి పట్టు ఉండదు. రెండు మూడేళ్లకు బరువెక్కి, పెద్ద గాలి రాగానే విరిగి కింద ఉన్న ఆటో మీదో మనిషి మీదో పడతాయి. ఇంకోవైపు కాలువ కోసమో కేబుల్ కోసమో వేళ్లను ఒక పక్క తెగ్గొడతారు. నిద్రగన్నేరు వేళ్లు లోతుకు పోకుండా పక్కలకు పాకుతాయి. ఒక పక్క వేళ్లు తెగిన చెట్టు, వానకు నానిన నల్లరేగడిలో ఎంతసేపు నిలుస్తుంది? మీ వీధిలో పడిన చెట్టు మొదట్లో ఏం తవ్వారో ఒకసారి విచారించండి.

కోతలో ఉన్న నేర్పు బయటికి కనబడదు. కొమ్మ మాను నుంచి బయలుదేరే చోట చుట్టూ కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బుకు ఆనుకుని, దాని బయట కోయాలి. మానుకు సమంగా చెక్కేస్తే గాయం పెద్దదవుతుంది, మొండెం వదిలేస్తే అది కుళ్లి లోపలికి దారి ఇస్తుంది. బరువైన కొమ్మను ఒక్క వేటుతో తీయరు. మానుకు ఓ అడుగు దూరంలో కింది నుంచి కొంత కోసి, దానికి కాస్త అవతల పై నుంచి కోసి కొమ్మను దించుతారు. మిగిలిన మొండెం చివర్లో తీస్తారు. లేకపోతే పడే కొమ్మ తన వెంట మాను బెరడును కూడా చీల్చుకుపోతుంది. చెట్టు గాయాన్ని మన చర్మం మాదిరిగా మాన్పుకోదు, చెడిన భాగం చుట్టూ లోపల గోడ కట్టుకుని దాన్ని వేరుచేస్తుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో ఎన్నో చెట్లను కోసి, లోపల పరిశీలించి 1970లలో ఈ సంగతి వివరించారు. కోసినచోట రంగు పూయడం, తొర్రలో సిమెంటు నింపడం మేలు చేయవని ఇప్పుడు ఈ వృత్తిలో అందరూ ఒప్పుకున్న మాట. మన దగ్గర ఆ రెండూ ఇంకా జరుగుతున్నాయి. మీ అబ్బాయి నేర్చుకోవాలనుకుంటున్న విద్య ఇది. దీన్ని చదువుకు తగని పని అనడం సరికాదని వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి.

ఇక రోజు సంగతి. విజయవాడ, గుంటూరు ఎండల్లో ఈ పని తెల్లవారుజామునే మొదలవుతుంది. ఆరింటికల్లా చెట్టు కింద ఉండాలంటే ఇల్లు ఐదింటికే లేవాలి. చెట్టు దగ్గరకు వెళ్లగానే రంపం తీయరు. ముందు చుట్టూ తిరిగి చూస్తారు. చెట్టు మొదట్లో పుట్టగొడుగులు ఉన్నాయా, మట్టి ఒకవైపు లేచిందా, మానులో పగులు ఉందా, చెక్క సుత్తితో తడితే డొల్ల మోత వస్తుందా, పైన గూళ్లు గాని తేనెపట్టు గాని ఉన్నాయా అని గమనిస్తారు. గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే ఆ కొమ్మ జోలికి పోరు, పని వాయిదా వేస్తారు. కాగితాలూ చూసుకోవాలి. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి, సొంత పెరట్లో చెట్టు కదా అంటే కుదరదు. పక్కన తీగలు ఉంటే విద్యుత్ సిబ్బంది ద్వారా ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, సరఫరా ఆగిందని రూఢి చేసుకున్నాకే ఎక్కాలి. పదకొండు కేవీ తీగను ముట్టుకోనక్కరలేదు, పచ్చికొమ్మ తగిలినా ప్రాణం పోతుంది.

పైకి ఎక్కినవారు నడుముకు తాడు తగిలించే పట్టీల జీను కట్టుకుని, గొలుసు రంపం నడిపేటప్పుడు రెండు చోట్ల తాడుతో కట్టుకుని ఉంటారు. ఒక తాడు పొరపాటున తెగినా రెండోది నిలబెట్టాలి. తలకు శిరస్త్రాణం, చెవులకు రక్షణ, కళ్లద్దాలు, రంపం తగిలితే గొలుసును ఆపేసే పొర ఉన్న ప్యాంటు, ఇవన్నీ నలభై డిగ్రీల ఎండలో వేసుకుని పనిచేయడం ఎంత కష్టమో చూస్తేగాని తెలియదు. అందుకే పది, పదకొండుకల్లా పై పని ఆపేసి దిగాలి. ఎండదెబ్బకు కళ్లు తిరిగేది కూడా అక్కడే. మధ్యాహ్నం కొమ్మలను ముక్కలు చేసి బండికెత్తడం, దుంగలను కలప అడితికి పంపడం, రోడ్డు ఊడ్వడం. సాయంత్రం అపార్ట్‌మెంట్ సంఘాల వారిని కలవడం, కొత్త చెట్లు చూసి లెక్కలు రాసివ్వడం. రాత్రి ఇంటికొచ్చాక ఆకురాయితో గొలుసు పళ్లు పదును పెట్టుకుంటూ, తాళ్లను చేతితో తడుముతూ నలిగిన చోటు ఉందేమో చూసుకుంటారు. ఈ రాత్రి పని చేయని కుర్రాడు ఎంత బాగా ఎక్కినా నేను నమ్మను.

కుటుంబానికి ఇబ్బంది వచ్చేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను తీరం దాటిన రాత్రి అందరూ తలుపులు వేసుకుని పడుకుంటే ఈ ఇంట్లో ఫోను మోగుతూనే ఉంటుంది. రోడ్డుకు అడ్డంగా చెట్టు, ఆస్పత్రి దారిలో చెట్టు, కారు మీద చెట్టు. వెళ్లకుండా ఉండలేరు. కానీ కూలిన చెట్టు నిలిచిన చెట్టు కంటే ప్రమాదం. వంగి బిగిసి ఉన్న కొమ్మను తప్పుగా కోస్తే విల్లులా ఎగిరి కొడుతుంది. కింద తెగిన తీగ ఎక్కడ ఉందో చీకట్లో కనబడదు. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను: రాత్రి గాలి తగ్గకముందు, వెలుతురు లేకుండా చెట్టెక్కమని అడిగేవారు ఎంత పెద్దవారైనా వెళ్లకూడదు. ఆ మాట ఇంట్లో ముందే అనుకుని ఉండాలి. పెళ్లయ్యాక భార్యకూ ఇది తెలిసి ఉండాలి. ‘పొద్దున వెలుతురు రాగానే వస్తారు’ అని ఆమె ఫోనులో ధైర్యంగా చెప్పగలగాలి. ఈ పనిలో ఇంటివారి సాయం అంటే నేను అడిగేది అదే, క్యారియరు సర్దివ్వడం కాదు.

డబ్బు సంగతి దాచను. ఇది నెల నెలా ఒకేలా వచ్చే ఆదాయం కాదు. వేసవి చివర నుంచి వానలు మొదలయ్యే దాకా, మళ్లీ తుపానుల కాలంలో చేతినిండా పని ఉంటుంది. సంక్రాంతి తరువాత కొన్ని వారాలు పలచబడుతుంది. బృందంలో కింద పనిచేసేవారికి రోజు కూలి, ఎక్కేవారికి అంతకంటే ఎక్కువ, సొంతంగా పని ఒప్పుకునేవారికి చెట్టును బట్టి. సామగ్రి ఖర్చు పెద్దది, అందులో పొదుపు చేయకూడదు. పని ఉన్న నెలల్లో మిగిల్చి లేని నెలల్లో వాడుకునే అలవాటు ఉంటే సంసారం బాగానే సాగుతుంది. మన పత్తి, మిరప రైతుల ఇళ్లు తరతరాలుగా అలాగే సాగాయి కదా. బీమా మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు, ఒక్కోదానికి 2 లక్షల రక్షణ. ఇవి ఉండాలి గాని ఇవి చాలవు. చేసే పనిని దాచకుండా రాసి, వేరే ప్రమాద బీమా కూడా తీసుకోవాలి.

శరీరానికీ ఒక గడువు ఉంది. భుజాలు, మోకాళ్లు, నడుము అరుగుతాయి. ఏళ్ల తరబడి రంపం అదురుకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మోతకు వినికిడి తగ్గుతుంది. నలభై దాటాక రోజూ ఎక్కాలనుకోవడం తెలివి కాదు. అప్పటికి చెట్లను పరీక్షించి నివేదిక రాసిచ్చే పనికి, శిక్షణ ఇచ్చే పనికి మారాలి. ఆ మార్పుకు డిగ్రీ కావాలి. నేను చదువు మీద గట్టిగా నిలబడేది ఇందుకే.

ఏం చదవాలి? బైపీసీ కాబట్టి ఈఏపీసెట్ రాయించండి. వెంకటరామన్నగూడెంలో ప్రధాన కేంద్రం ఉన్న డాక్టర్ వైఎస్ఆర్ ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలో నాలుగేళ్ల బీఎస్సీ హార్టికల్చర్ నా మొదటి ఎంపిక. అది రాకపోతే ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ అగ్రికల్చర్. ప్రధాన కార్యాలయం మీకు దగ్గరే, లాంలో ఉంది. బాపట్ల వ్యవసాయ కళాశాలకు 1945 నుంచి పేరుంది. అటవీ శాస్త్రమే కావాలంటే తెలంగాణలోని ములుగు, తమిళనాడులోని మేట్టుపాళయం కళాశాలలు ఉన్నాయి, కాకపోతే ఇతర రాష్ట్రాల వారికి సీట్లు తక్కువ. చీడపీడల పాఠాలు ఎందుకంటారా? కొన్నేళ్ల క్రితం మన రెండు రాష్ట్రాల్లో వేపచెట్లు చివర్ల నుంచి ఎండిపోయినప్పుడు జనం చచ్చిపోయాయనుకుని కొట్టేశారు. అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, టీ దోమ అనే రసం పీల్చే పురుగు కలిసి చేసిన పని. వదిలేసిన చెట్లు చాలావరకు మళ్లీ చిగురించాయి. అప్పుడు ‘ఆగండి’ అని చెప్పగలిగినవారు ఎన్నో చెట్లను కాపాడారు.

చదువుకుంటూనే తాడు పని నేర్చుకోవాలి, డిగ్రీ అయ్యాక మొదలుపెడదామంటే ఆలస్యం. భువనగిరి కొండ దగ్గర రాక్ క్లైంబింగ్ శిక్షణ ఇస్తారు, సెలవుల్లో వెళ్లవచ్చు. అక్కడ తాడు మీద భయం పోతుంది. అయితే బండరాయి కుళ్లదు, కొమ్మ కుళ్లుతుంది, కాబట్టి చెట్టు మీద విడిగా నేర్చుకోవాలి. మన కొబ్బరి దింపు కార్మికులు, మోకు కట్టి తాళ్లెక్కే గీత కార్మికులు కాళ్లు ఎక్కడ పెడతారో, ఎక్కేముందు చెట్టును ఎలా చూస్తారో గమనించమనండి. వాళ్ల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకోవడానికి మీ అబ్బాయి సిగ్గుపడితే మాత్రం నాకు దిగులు కలుగుతుంది. తరువాత అంతర్జాతీయ ఆర్బరికల్చర్ (చెట్ల సంరక్షణ) సంఘం, అంటే ఐఎస్ఏ, ఇచ్చే సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ అర్హతకు కూర్చోవచ్చు. డిగ్రీ లేనివారికి మూడేళ్ల అనుభవం అడుగుతారు, సంబంధిత డిగ్రీ ఉంటే ఆ గడువు తగ్గుతుంది. సర్టిఫికెట్‌ను మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. విదేశాల్లోనూ దీనికి విలువ ఉంది.

పని దొరుకుతుందా అంటే, దొరుకుతుంది. అమరావతి ప్రాంతంలో కట్టడాలు, రోడ్ల విస్తరణ జరిగేచోట చెట్లను వేళ్లతో తవ్వి మరోచోట నాటడం పెద్ద పని. రావి, మర్రి బాగా నిలదొక్కుకుంటాయి, అన్ని జాతులూ అలా తట్టుకోవు, ఏది తట్టుకుంటుందో చెప్పేవారు కావాలి. చెట్టు మొదట్లో కాంక్రీటు పోసేయడం మరో జబ్బు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. విజయవాడలో బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు వెంట నడిచి చూడండి, ఎన్ని చెట్లకు ఊపిరాడే చోటు ఉందో. మధ్యలో మనసు మారినా హార్టికల్చర్ చదివినవాడికి గ్రామ సచివాలయాల్లో ఉద్యాన సహాయకుల ఉద్యోగాలు, నర్సరీలు, పురపాలక పార్కులు ఉన్నాయి. వాళ్ల నాన్నగారికి ఈ మాట కొంత ఊరట ఇస్తుంది.

ఇప్పుడు చేయవలసింది ఒకటుంది. పరీక్షలు అయ్యాక ఒక మంచి బృందంతో కొన్ని వారాలు కింద పనికి పంపండి. పద్దెనిమిది నిండేదాకా చెట్టెక్కనివ్వకండి, రంపం పట్టనివ్వకండి. తాడు పట్టుకోవడం, రోడ్డు మీద మనుషులను ఆపడం, కొమ్మలు లాగడం, ఇవి చాలు. వీలైతే వాళ్ల నాన్నగారు ఒక ఉదయం అక్కడికి వెళ్లి నిలబడి చూడాలి. పంపేముందు ఆ బృందం పెద్దను మీరే మూడు విషయాలు అడగండి. పైనున్న మనిషికి రెండో తాడు కడతారా? తీగల దగ్గర ఎల్‌సీ లేకుండా ఎప్పుడైనా ఎక్కారా? పైన ఎవరికైనా కళ్లు తిరిగితే దించడానికి కింద తాడు పని తెలిసిన రెండో మనిషి ఉంటాడా? సూటిగా జవాబు రాకపోతే ఆ బృందంతో పంపకండి, ఇంకొకరిని చూద్దాం. వాళ్లు ఏం చెప్పారో నాకు రాయండి, ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక కాలేజీల వరుసను కలిసి నిర్ణయిద్దాం.