మాకు ఉక్కపోస్తుంటే అమ్మ దుప్పటి కప్పుకుని ఫ్యాన్ ఆపమంటోంది, ఎవరి మాట వినాలి?

గదిలో మీకు చెమటలు కారుతుంటే 81 ఏళ్ల మీ అమ్మగారు చలంటున్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు. ఇద్దరి మాటా వద్దండి. ఆవిడ మంచం పక్కన, తలగడ ఎత్తులో ఒక గది థర్మామీటర్ పెట్టండి.

మా నాన్నగారిని చివరి నాలుగేళ్లు నేనే చూసుకున్నాను. మనిషి 44 కిలోలకు వచ్చేశారు. మొదటి వేసవిలో "చలేస్తోందమ్మా" అన్నారని కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, స్వెటర్ తొడిగి నా పనిలో పడిపోయాను. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి పిలిస్తే పలికారు కానీ మాట ముద్దగా వస్తోంది. మెడ వెనక చెయ్యి పెడితే కాలిపోతోంది, చుక్క చెమట లేదు. పొద్దుటి నుంచి బాత్‌రూమ్‌కే లేవలేదని అప్పుడు గుర్తొచ్చింది. స్వెటర్ తీసేసి, ఫ్యాన్ వేసి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ ఆసుపత్రికి పరుగెత్తాం. సెలైన్ ఎక్కించాక మర్నాటికి తేరుకున్నారు.

ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. వయసు పైబడ్డాక కండ కరిగిపోతుంది, ఒంట్లో వేడి పుట్టించే వాటిలో కండ పెద్దది. కాళ్లూ చేతులూ చల్లబడతాయి, అందుకే చలి. అదే సమయంలో, వేడి ఎక్కువైతే దాన్ని బయటికి పంపే పనీ మందగిస్తుంది. చర్మానికి రక్తం సరిగా చేరదు, చెమట ఆలస్యంగా, తక్కువగా పడుతుంది, దాహం తెలియదు. అంటే చలి అనిపిస్తూనే లోపల వేడి పేరుకుపోవచ్చు. దీనికి తోడు మందులు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు, మానసిక సమస్యలకు వాడే మందులు ఈ సర్దుబాటును ఇంకా దెబ్బతీస్తాయి. మీరే ఆపేయకండి, చీటీ తీసుకెళ్లి డాక్టర్‌ని అడగండి.

ఫ్యాన్ గొడవ మా ఇంట్లో మంచం జరిపితే తీరింది. నాన్న మంచం సరిగ్గా ఫ్యాన్ కింద ఉండేది. ఆయనకు పడనిది చల్లదనం కాదు, నేరుగా ఒంటి మీద పడే గాలి. నాలుగడుగులు పక్కకి లాగి, కాళ్లకు సాక్స్ వేసి, పొట్ట దాకా పలుచని దుప్పటి కప్పితే ఫ్యాన్ మాటే ఎత్తలేదు. ఏసీ ఉంటే దాని గాలి కూడా మంచం మీదికి కొట్టకుండా చూడండి. మేం 27లో పెట్టేవాళ్లం. ఇంకో మాట, గదిలో 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ పనికిరాదు, వేడిగాలిని మీదికి తోస్తుంది అంతే.

చలికాలంలో అంతా తిరగబడుతుంది. గది చల్లబడినా "బానే ఉంది" అంటారు, వణుకు కూడా గట్టిగా రాదు. చేతులు చూసి మోసపోవద్దు, అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. చొక్కా లోపల పొట్ట మీద చెయ్యి పెట్టండి. అక్కడ చల్లగా ఉండి, మనిషి మత్తుగా ఉంటే ఆలస్యం చెయ్యొద్దు. ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ (95 ఫారెన్‌హీట్) కంటే తగ్గితే అది ఎమర్జెన్సీయే. చలి ప్రాంతాల ఇళ్లలో గది కనీసం 18 డిగ్రీలైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది, బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు అంతకంటే ఎక్కువే కావాలి. హాట్ వాటర్ బ్యాగ్ మాత్రం కాళ్లకు ఆనించకండి. స్పర్శ తగ్గిన మడమ మీద ఎంత బొబ్బ లేచిందో మేం తెల్లారాక చూశాం.

ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఓ వారం పొద్దున్నే ఒంటి టెంపరేచర్ రాసి పెట్టుకోండి. నాన్నది 36.1 ఉండేది. ఒకరోజు 37.4 వచ్చి, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడారు. జ్వరమేం లేదులే అన్నారు ఇంట్లో. పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్.

మీ అమ్మగారికి ఈ చలి కొత్తగా మొదలైతే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. నాన్నకు థైరాయిడ్ తక్కువని తేలింది. మాత్ర మొదలుపెట్టిన రెండు నెలలకు రెండో దుప్పటి ఆయనే తీసేశారు.