అడ్వాన్సు కట్టే ముందు ఎండలో ఒకసారి ఆ ఇంటికి వెళ్లు

అమ్మా,

విజయవాడ నుంచి చెన్నై వస్తున్నామనీ, అన్నానగర్‌లో ఇల్లు చూశామనీ, పది నెలల అడ్వాన్సు అడుగుతున్నారనీ రాశావు. తమిళం రాదు, ఎండలు తట్టుకోగలమా, తోచక దిగులేస్తుందేమో అని కూడా అడిగావు. నాకు మాత్రం అందులో అడ్వాన్సు మాటే కనిపిస్తోంది. దాచుకున్నదంతా ఇంటాయన చేతిలో పోసి, ఖాళీ చేతులతో కొత్త ఊళ్లో కాపురం పెట్టబోతున్నారు మీరిద్దరూ. మేం అచ్చంగా అదే చేశాం.

మేం 2003 జనవరిలో ఒంగోలు నుంచి వచ్చాం. మా ఆయనకు అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉద్యోగం. అన్నానగర్ చూశాక నాకు ఇంకెక్కడా మనసు నిలవలేదు. హౌసింగ్ బోర్డు ప్లాను గీసి వేసిన పేట అది. వెడల్పాటి రోడ్లు, చెట్ల నీడ, అక్షరాల పేర్లతో బ్లాకులు. 1968లో ఇక్కడ జరిగిన వాణిజ్య ప్రదర్శన కోసం కట్టిన టవరు ఇప్పటికీ ఉంది. ఆ పార్కుకు విశ్వేశ్వరయ్య గారి పేరు పెట్టారు. వాళ్ల పూర్వీకుల ఊరు మోక్షగుండం అప్పట్లో మా ప్రకాశం జిల్లాలోనిదే కదా, మనవాళ్ల చోటే అనుకుని సంబరపడ్డాను.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, పైన డాబానే. అద్దె 4,500, అడ్వాన్సు 45,000. మా దగ్గరున్నది 38,000. మిగతాదానికి నా మెడలో గొలుసు తాకట్టు పెట్టాం. ఇల్లు చూసింది జనవరిలో, పొద్దున తొమ్మిదింటికి. కిటికీ తీస్తే చల్లగాలి. ఇంటాయన మర్యాదస్తుడు, కాఫీ కూడా ఇచ్చాడు. కాగితం రాసుకుందామని అడగడానికే మొహమాటపడ్డాం.

మే నెల వచ్చింది. మనం రోహిణి కార్తె అంటామే, ఇక్కడ దానికి కాస్త ముందు నుంచే కత్తిరి వెయిల్ అని మొదలవుతుంది. ఆ ఏడాది మే 31న ఇక్కడి నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 45 డిగ్రీలు నమోదైంది. ఆ రోజు నేను పైకప్పు కింద మూడేళ్ల పిల్లాడితో ఉన్నాను. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి దింపుతూనే ఉంటుంది. ఫ్యాను తిరిగితే నిప్పుల మీది గాలే. విజయవాడ ఎండ నీకు అలవాటే, కానీ ఇక్కడి ఉక్కపోత వేరు, చెమట ఒంటి మీద ఆరదు. పిల్లాడికి వీపంతా చెమటకాయలు. చూడలేక వాయిదాల మీద ఏసీ కొన్నాం.

అప్పుడు తెలిసింది, మూడు వాటాలకూ మీటరు ఒక్కటేనని. మాకు సబ్‌మీటరు పెట్టి, కరెంటు బోర్డు రేటు కంటే ఎక్కువగా యూనిట్‌కు తనకు తోచినంత తీసుకునేవాడు ఇంటాయన. ఏసీ వేసిన నెలలకు సగటున 1,400 పడింది. ఆ వేసవిలోనే నీళ్లూ కరువయ్యాయి. బోరు అడుగంటింది. లారీ వచ్చిందని కేక వినపడితే ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని మూడు అంతస్తులు దిగి ఎక్కాలి. ప్రైవేటు ట్యాంకరులో మా వాటాకు నెలకు 600. అలా 4,500 అద్దె 6,500 అయింది, పైన గొలుసు వడ్డీ, ఏసీ వాయిదా. పిల్లాడికి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఎదురింటివాళ్లను 200 అడిగిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. 45,000 ఇంటాయన దగ్గర వడ్డీ లేకుండా కూర్చుంది, మా దగ్గర 200 లేవు.

రెండేళ్ల తరవాత ఖాళీ చేస్తే పెయింటింగ్ అనీ, తలుపు బీడింగ్ అనీ కోసుకుని 31,000 ఇచ్చాడు, అదీ నాలుగుసార్లు తిప్పించుకుని. కాగితం లేదు కాబట్టి నోరెత్తలేకపోయాం.

ఇప్పుడు మీకు చట్టం ఉంది. తమిళనాడులో 2019 నుంచి అమలవుతున్న అద్దె చట్టం, ఒప్పందంలో వేరే రాసుకుంటే తప్ప, మూడు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదంటుంది. ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలి. వివరాలు నువ్వే చూసుకోగలవు, చదువుకున్నదానివి. ఆ మాట చెప్పి బేరమాడు. పది అన్నవాళ్లు ఐదు, ఆరుకు దిగడం నేను చూశాను. పెయింటింగ్‌కు ఎంత కోస్తారో అంకె వేసి రాయించు. కరెంటుకు మీ వాటాకు విడిగా బోర్డు మీటరు ఉంటేనే ఒప్పుకో. రెండు నెలల వాడకం 500 యూనిట్లు దాటితే యూనిట్ల రేటు మారి బిల్లు ఎగురుతుంది, ఏసీ వాడేవాళ్లకు అదెంత సేపు?

నీళ్ల మాట ఇంటాయనను కాదు, పక్క వాటావాళ్లను అడుగు. 2019 ఎండాకాలం ఎలా గడిచిందని అడిగితే చాలు, ఆ జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్న ఊరిది. నెల్లూరు వైపు కండలేరు జలాశయం నుంచి మన కృష్ణా నీళ్లు చెన్నైకి నీళ్లిచ్చే పూండి చెరువుకు వస్తాయి, నిజమే, కానీ వాటిని నమ్ముకుని ట్యాంకరు ఖర్చు లెక్కలోంచి తీసేయకు.

భాషకు భయపడకు. ఆర్నెల్లలో కూరగాయలమ్మే ఆవిడతో బేరమాడతావు. మన తెలుగువాళ్లు త్యాగరాయ చెట్టి గారి పేరున టీనగర్, పానగల్ రాజా పేరున పార్కు ఉన్న ఊళ్లో తెలుగు మాట వినపడకపోవడమేమిటి! దిగులు కూడా పిల్లలు బడిలో చేరాక పోతుంది. చేతిలో డబ్బు లేని దిగులు మాత్రం అలా పోదమ్మా.

అన్నానగరే కావాలని పట్టుపట్టకు. ముగప్పేర్ కూడా హౌసింగ్ బోర్డు లేఅవుటే, అద్దె తక్కువ, తిరుమంగళం మెట్రోకు బస్సులున్నాయి. మేం 2012లో ఫ్లాటు కొన్నది అక్కడే. ఎవరి దగ్గరా చేయి చాచకుండా, చివరి వాయిదా కూడా కట్టేశాం.

నువ్వు చూసిన ఇల్లు పై అంతస్తు అయితే ఇంకా డబ్బు ఇవ్వకు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మళ్లీ వెళ్లు. పడమటి గోడకు అరచెయ్యి ఆనించి చూడు, డాబా ఎక్కి సున్నం కొట్టారో లేదో చూడు, వాననీటి గుంత ఎక్కడుందో అడుగు. మీ ఆయనకు వీలుకాకపోతే నాకు చెప్పు, నేను తోడొస్తాను.