చిగురు కాదు, వేరు చూడాలి: కొమ్మ ముక్కలతో పెరటి మొక్కలు

మీరు బొబ్బిలిలో అద్దె ఇంట్లో ఉంటున్నారనీ, పొరుగింటి మందారం, మల్లె కొమ్మలు తెచ్చి కుండీల్లో నాటితే పది రోజులకు చిగుళ్ళు వచ్చి, మూడో వారానికి అన్నీ ఎండిపోయాయనీ రాశారు. మునగ, కరివేపాకు, మామిడి కూడా ఇలాగే పెంచుకోవచ్చా అని అడిగారు. నేను టెక్కలి దగ్గర పల్లెలో ఇరవై ఏళ్ళకు పైగా పెరటి మొక్కలను ఎక్కువగా కొమ్మలతోనే పెంచుతున్నాను. మీకు జరిగినదే మొదటి రెండేళ్ళూ నాకూ జరిగింది.

ముక్కకు వచ్చే మొదటి చిగురు వేళ్ళు పుట్టాయనడానికి గుర్తు కాదు. కొమ్మలో అంతకుముందే దాచి ఉన్న ఆహారంతోనే ఆ చిగురు విచ్చుకుంటుంది. ఆ నిల్వ అయిపోయేలోగా కింద వేరు పుడితే మొక్క నిలుస్తుంది, లేకపోతే వాడిపోతుంది. ఈ సంగతి తెలియక, ఒక ఆషాఢంలో పన్నెండు గులాబి ముక్కలు నాటి, చిగురు కనిపించగానే బతికాయనుకుని, కుండీలను ఎండలోకి జరిపి, పేడ ఎరువు వేసి, రెండు పూటలా నీళ్ళు పోశాను. వారం తిరగకుండానే వాడిపోతే పీకి చూశాను. కింది కోత నల్లబడి, వేలితో నొక్కితే తొక్క జారిపోయింది. ఎక్కడా ఒక్క వేరైనా లేదు. నూతి పక్కన నీడలో ఉండిపోయిన కుండీలోని ముక్క ఒక్కటే బతికింది. దాన్ని మట్టితో సహా నెమ్మదిగా తీసి చూస్తే, కోత అంచున బియ్యపు గింజంత తెల్లని కండ కట్టి, దాని పక్క నుంచి దారాల్లాంటి రెండు వేళ్ళు దిగుతున్నాయి. ఆ రోజు నుంచి చిగురు చూసి తొందరపడటం మానుకున్నాను.

వేళ్ళు లేని ముక్క నీళ్ళు సరిగా తాగలేదు, కాని దాని ఆకులు మాత్రం గాలిలోకి తేమను వదులుతూనే ఉంటాయి. అందుకని కుండీలో నీళ్ళు పెంచడం కంటే ఆకులు తగ్గించి, నీడనిచ్చి, చుట్టూ గాలిని తేమగా ఉంచడం ముఖ్యం. పైగా వేరు పుట్టడానికి మట్టిలో గాలి ఆడాలి. బురదగా ఉంటే కోత దగ్గర కుళ్ళు పడుతుంది. మీ ముక్కలు కూడా దాహంతో కాక, ఎక్కువ నీళ్ళ వల్లనో, ఎండ వల్లనో పోయి ఉంటాయని నా అభిప్రాయం.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. మందారం, మల్లె, నందివర్ధనం, కాగితం పూల వంటి వాటికి మరీ లేతగానూ, మరీ ముదురుగానూ లేని, పెన్సిలంత లావు కొమ్మను పొద్దున్నే కోస్తాను. మల్లె కొమ్మ సహజంగానే సన్నగా ఉంటుంది కాబట్టి దానికి లావు చూడను, ముదురు చూస్తాను. జానెడు పొడవు, నాలుగైదు కణుపులు ఉంటే చాలు. కింద కణుపుకు కొంచెం దిగువన తిన్నగా, పైన ఏటవాలుగా కోస్తే తలకిందులుగా నాటే పొరపాటు జరగదు, పై కోత మీద వాన నీరూ నిలవదు. పూలూ మొగ్గలూ తుంచేసి, పైన రెండాకులు మాత్రం ఉంచి, అవి పెద్దవైతే సగానికి కత్తిరిస్తాను. రెండు కణుపులు మట్టిలోకి దిగాలి. గుచ్చేటప్పుడు తొక్క లేచిపోకుండా ముందు పుల్లతో కన్నం చేసుకోవాలి.

మట్టి కోసం రెండు పాళ్ళు ఏటి ఇసుక, ఒక పాలు కొబ్బరి పొట్టు కలుపుతాను. మన జిల్లాలకు సముద్రం దగ్గరే కదా అని తీరం ఇసుక తెచ్చుకోకండి. దానిలోని ఉప్పు లేత వేళ్ళను చంపేస్తుంది. కొబ్బరి పొట్టును కూడా రెండు మూడుసార్లు కడిగి పిండాలి. ఈ దశలో ఎరువు అసలు వద్దు. కుండీ మీద అడుగు కోసిన పారదర్శకమైన నీళ్ళ సీసాను కోసిన వైపు కిందికి ఉండేలా కప్పి, చెట్టు నీడన పెట్టి, పై మట్టి పొడిబారినప్పుడే నీళ్ళు చిలకరిస్తాను. కోతకు తేనె, పసుపు రాయమని చాలామంది చెబుతారు. నేను రాసీ, రాయకుండానూ చూశాను, తేడా కనిపించలేదు. వేళ్ళు పుట్టడానికి తోడ్పడే ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం కలిసిన పొడి మాత్రం గులాబి, కాగితం పూల వంటి మొండి మొక్కలకు పనికొస్తుంది. మందారానికి దాని అవసరమే లేదు, నెల రోజుల్లో దానంతటదే వేరు పడుతుంది.

అదును మాటకొస్తే, ఆరుద్ర కార్తెలో వానలు కుదురుకున్నప్పటి నుంచి శ్రావణం దాకా నాకు ఎక్కువ ముక్కలు దక్కాయి.

ఢిల్లీ కనకాంబరం కూడా ఒకసారి నాటి చూడండి. దాని కణాల్లో ప్రతి రకం క్రోమోజోమూ రెండేసి కాక మూడేసి ఉండటం వల్ల విత్తనం కట్టదు, కాబట్టి కొమ్మలతోనే పెంచాలి. గులాబిలో నాటు రకం ముక్కతో సులువుగా వస్తుంది. నర్సరీలో కొన్న హైబ్రిడ్ గులాబీలు సాధారణంగా వేరే గులాబి వేరు మీద కన్ను అంటు కట్టినవి గనుక, అంటుకు దిగువ నుంచి లేచిన కొమ్మను నాటితే మీరు కోరిన పువ్వు పూయదు.

మునగ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లోని నాటు మునగ వేళ్ళతో సహా పడిపోయింది. దాని కొమ్మలను మణికట్టంత లావువి ఏరి, మూడు నాలుగు అడుగుల ముక్కలు చేసి, కోతలు ఆరేదాకా మూడు రోజులు నీడలో ఉంచి, ఎనిమిది నాటాను. పల్లంలో నాటిన ఐదూ నీరు నిలిచి కుళ్ళాయి. మట్టి ఎత్తుగా పోసిన చోట నాటిన మూడూ బతికాయి. అయితే కొమ్మతో పెంచిన చెట్టుకు విత్తనపు చెట్టులా లోతుగా దిగే తల్లివేరు ఉండదు, అందుకే పెనుగాలికి త్వరగా ఒరుగుతుంది. ఈ తీరంలో ఉండేవాళ్ళు దాన్ని మనిషెత్తుకు మించనివ్వకుండా, తుపానుల కాలానికి ముందే తల నరికి ఉంచడం మంచిదని నా గట్టి నమ్మకం. ఏడాది మునగ రకాలను మాత్రం విత్తనంతోనే వేసుకోవాలి.

కరివేపాకు కొమ్మ అంత తేలికగా వేరు పట్టదు. పెద్ద చెట్టు చుట్టూ వేళ్ళ నుంచి లేచే పిలకలను వానల్లో వేరుతో సహా తవ్వి తెచ్చుకోవడం, లేదా పండిన గింజలను ఆరబెట్టకుండా వెంటనే నాటడం మేలు. మామిడి, జీడి కొమ్మలు గుచ్చి శ్రమపడకండి, వాటికి అంటు మొక్కలే దారి. జామకు గాలి అంటు, అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే వేరు పుట్టేలా కట్టే అంటు, కట్టుకోవచ్చు. దానిమ్మ, అంజూర ముదురు కొమ్మలతో చక్కగా వస్తాయి.

ఈసారి నాటాక రోజూ పీకి చూడకండి. ఆరో వారంలో ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని చాలా నెమ్మదిగా పైకి లాగితే, వేరు పడినది కదలకుండా బిగువుగా తగులుతుంది. అప్పుడు సీసాను మొదట గంటసేపు, తర్వాత పూటసేపు తీస్తూ వారం అలవాటు చేసి, మట్టి గడ్డ విడిపోకుండా పెద్ద కుండీలోకి మార్చి, మరో పది రోజుల తర్వాత పొద్దుటి ఎండలో పెట్టండి.